ఎర్టిగా వెనక సైకిల్ రాక్: రిసీవర్ ఎంచుకున్న లెక్క మొత్తం

కారు ఎర్టిగా, 2018 నవంబర్ల వచ్చిన రెండో తరం మోడల్, పెట్రోల్. ఓనర్ నల్గొండల లెక్చరర్. ఇంట్ల రెండు సైకిళ్లు, సార్‌ది 29 ఇంచుల చక్రాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) 15 కిలోలు, మేడంది బ్యాటరీ సైకిల్, నడుమ పైపు కిందికి వంగి ఉంటది, బ్యాటరీతోని కలిపి 24 కిలోలు. డబ్బా మీద రాసింది నమ్మకుంట రెండూ మా షాపు కాటా మీద తూచినం. పానగల్ ఉదయసముద్రం కట్ట దాకా అయితె ఇంటికాడికెళ్లి తొక్కుకుంటనే పోతరు గానీ, సాగర్ దిక్కు పోవాలన్నా, హైదరాబాద్‌ల ఓఆర్ఆర్ పక్కన 2023ల తెరిచిన ఆ సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ తొక్కాలన్నా సైకిళ్లను కారు మీద మోసుకపోవాలె కదా, అక్కడ మొదలైంది కథ.

వాళ్ల బావమరిది డాలస్‌ల ఉంటడు. వచ్చేటప్పుడు రెండు సైకిళ్ల ప్లాట్‌ఫామ్ రాక్, అంటే సైకిల్ చక్రాలు ట్రేల మీద కూసునే అసొంటిది, ఒకటి విప్పి లగేజీల ఏసుకొచ్చిండు, 22 కిలోలు, అంటే ఫ్లైట్ల 23 కిలోల బ్యాగు మొత్తం దానికే సరిపోయింది. దాని వెనక దూర్చే రాడ్డు రెండించులది, కారు వెనక కింద బిగించే రిసీవర్ అనే చదరం పైపుల అది దూరాలె. సార్ నాతోని అన్న మొదటి మాట, "అన్నా, రాక్ ఉంది, దీనికి సరిపోయే రిసీవర్ పెట్టియ్యి, బావమరిది బండికి క్లాస్ 3 ఉన్నదంట, అదే పెట్టు." బావమరిది బండేందంటె పెద్ద పికప్పు. చాసిస్ వేరే, బాడీ వేరే. ఇక్కడ మనకున్నది ఎర్టిగా.

అందుకే ముందుగాల క్లాసు అంటే ఏందో చెప్తా. అమెరికాల హిచ్చులకు, అంటే రిసీవర్‌తోని కలిపి కారు కింద బిగించే చట్రాలకు, క్లాసులుంటయి, ట్రైలర్ లాగేదాన్ని బట్టి పెట్టిన లెక్క అది. క్లాస్ 1 అంటే 2,000 పౌన్ల ట్రైలర్, దాని మూతి బరువు, అంటే హిచ్చు మీద నిలువుగ కిందికి పడే బరువు, 200 పౌన్లు, మన లెక్కల 90 కిలోలు. క్లాస్ 2కు 3,500 లాగుడు, మూతి బరువు 350 దాకా. ఈ రెండింటికీ రంధ్రం మామూలుగ ఒకటింబావు ఇంచి ఉంటది. క్లాస్ 3 నుంచి రెండించుల రంధ్రం, మూతి బరువు 500 పౌన్లు, అంటే 227 కిలోలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. రాడ్డు జారకుంట రిసీవర్‌కు అడ్డంగ పెట్టే పిన్ను కూడ మారుతది, ఒకటింబావుకు అర ఇంచి పిన్ను, రెండించులకు 5/8 ఇంచి పిన్ను. సైకిల్ రాక్ కొనేటోళ్లకు లాగుడు నంబరుతోని పనే లేదు. మనం ఏం లాగుతలేం. మూతి బరువు ఒక్కటే మనకు సంబంధం, అది కూడ సగమే, మిగిలిన సగం ఎందుకో ఇప్పుడు చూద్దాం.

సార్ లెక్క ఇట్ల ఉండె: రాక్ 22, సైకిళ్లు 24, 15, మొత్తం 61 కిలోలు, క్లాస్ 1 అయితేనే 90 దాకా మోస్తది, మరి ఇంక ఏంది బాధ అని. చాన మంది ఇట్లనే కూడుతరు, కూడిక తప్పు లేదు. కాకపోతె నీళ్ల బిందె చంకల పెట్టుకొని నడిచినట్టు కాదు, అదే బిందెను చెయ్యి చాపి పట్టుకున్నట్టు ఉంటది రాక్ మీద సైకిల్. ట్రైలర్ మూతి పిన్నుకు దగ్గరనే, దాదాపు 20 సెంటీమీటర్ల దూరంల కూసుంటది. సైకిల్ మాత్రం ఇంకా వెనక ఉంటది. రాక్ దూర్చి టేపు పెట్టి కొలిస్తె మా కొలతలు ఇవి: పిన్ను నుంచి మొదటి ట్రే 40 సెంటీమీటర్లు, రెండో ట్రే 68, రాక్ బరువు మధ్య 45 కాడ.

ఇప్పుడు బరువును దూరంతోని గుణించుడే, వచ్చేది మెలి, అంటే హిచ్చును వంచే బలం. రాక్ 22 ఇంటు 45, 990. బ్యాటరీ సైకిల్ మొదటి ట్రేల, 24 ఇంటు 40, 960. ఎంటీబీ రెండో ట్రేల, 15 ఇంటు 68, 1,020. మొత్తం 2,970 కిలో-సెంటీమీటర్ల మెలి. క్లాస్ 1 ట్రైలర్ మూతి పూర్తి బరువు పడ్డా 90 ఇంటు 20, 1,800 మాత్రమే. అంటే బరువు చూస్తె 90ల 61, మస్తు జాగ ఉన్నట్టు కనపడ్తది, మెలి చూస్తె ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. క్లాస్ 2 అయితె 159 ఇంటు 20, 3,180, అంచు మీద ఉంటది. క్లాస్ 3 అయితె 4,540. ఇది కారు నిలబడి ఉన్నప్పటి లెక్క. స్పీడ్ బ్రేకర్ మీద దబ్బున ఎగిరితె ఇదే మెలి రెండు మూడింతలు అయితది, మన దగ్గర ఊరు మొదట్ల ఒకటి, బడి ముందట ఒకటి, గుడి ముందట ఒకటి, ఊరు దాటంగనే ఇంకోటి బ్రేకర్ ఉంటది, తెల్లగీతలు ఉండయి. అందుకే రాక్ కంపెనీలు చాన మటుకు నాలుగు సైకిళ్ల రాక్‌ను రెండించుల రంధ్రానికే ఇస్తయి, ఒకటింబావుకు రెండు సైకిళ్ల కాడ ఆపుతయి, వాళ్ల లెక్కల ఈ మెలి ఉండనే ఉంది.

బ్యాటరీ సైకిల్‌ను మొదటి ట్రేల ఎందుకు పెట్టినమో కూడ ఇక్కడనే తెలుస్తది. ట్రేలు మార్చి చూడుండ్రి, 15 ఇంటు 40, 24 ఇంటు 68, కూడితె 2,232, రాక్‌తోని 3,222. ఒక్క రూపాయి ఖర్చు లేకుంట 250 తగ్గింది. బ్యాటరీ గుంజి కారు లోపల పెడితె ఇంకో మూడు కిలోలు దాకా పోతది, దానికి తోడు వాన నీళ్లు పడుడు, కుదుపుకు ఊడుడు అనే భయం కూడ ఉండది.

అయితే రెండించులది పెడితె అయిపాయె కదా అంటరు. అసలు కిరికిరి అక్కడ్నే ఉంది. రంధ్రం సైజు వేరు, కారు బలం వేరు. రెండించుల పైపు పెట్టంగనే ఎర్టిగా పికప్పు అయితదా? క్లాస్ 3 అని స్టిక్కర్ కొట్టిన హిచ్చును పల్చటి రేకుకు బిగిస్తె ఆ రేకు బలమే మొత్తం బలం. సార్‌కు ఇది అర్థం చేయించనీకి పక్కన సర్వీసుకొచ్చిన బొలెరో కిందికి తీస్కపోయి చూపించిన. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ అసొంటి వాటికి కింద నిచ్చెన లెక్క చాసిస్ ఉంటది, మందం పట్టీలు, వాటికి రంధ్రాలు కూడ ముందే ఉంటయి, హిచ్చు బిగించుడు కష్టం కాదు. ఎర్టిగా, క్రెటా, బ్రెజ్జా, నెక్సాన్, హైక్రాస్ ఇవన్నీ మోనోకాక్, బాడీనే చాసిస్, డిక్కీ ఫ్లోరు కింద రేకును పెట్టె లెక్క మడిచి చేసిన రెండు పట్టీలు పోతయి, అవే మనకు దిక్కు.

బయట షాపులల్ల "టో హుక్కు" అని, "రేర్ గార్డు" అని పెట్టే సామాను గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలె. అది బంపర్ లోపలి అడ్డ పట్టీకి రెండు బోల్టులతోని వేలాడ్తది. ఆ అడ్డ పట్టీ వెనక నుంచి ఎవడన్న గుద్దితె నలిగి దెబ్బ తీసుకోనీకి పెట్టింది, వేలాడే బరువు మోయనీకి కాదు. దాని మీద రాక్ పెట్టమని ఎవరు అడిగినా నేను చెయ్య. ఎంత తక్కువకైనా సరే.

సార్ ముందట వేరే దారులు కూడ పెట్టినం, రిసీవర్ పెట్టాల్సిందే అని నాకేం పట్టు లేదు. డిక్కీ తలుపుకు బెల్టులతోని కట్టే రాక్ చవక, ఏ మార్పూ అక్కర లేదు, కానీ 24 కిలోల సైకిల్‌కు అది పనికిరాదు, పైన స్పాయిలర్ ప్లాస్టిక్ మీద కొక్కేలు పడ్తయి, దుమ్ము కూసున్న బెల్టు పెయింటును గీస్తది. టాప్ మీద రాక్ మంచిదే, నంబర్ ప్లేటు గొడవ ఉండది, లైట్లు కనపడ్తయి, చట్టం దిక్కు నుంచి కూడ తక్కువ తలనొప్పి. కానీ మేడం ఒక్కతే 24 కిలోల సైకిల్‌ను తల మీదికి లేపాలె, అయ్యే పని కాదు. ఇంకోటి, పైన సైకిల్ ఉందన్నది మర్చిపోయి అపార్ట్‌మెంట్ సెల్లార్లకు దూరుడు అందరికీ ఉన్నదే. తేలిక సైకిళ్లు రెండు ఉన్నోళ్లకు మాత్రం నేను ఇప్పటికీ టాప్ రాకే చెప్త. మూడోది, ఒకటింబావు రిసీవర్ పెట్టి దానికి రెండించుల అడాప్టర్ తగిలించుడు. ఇది అన్నిటికన్న చెడ్డది, ఎందుకంటె రంధ్రం చిన్నదే ఉంటది, పైనుంచి అడాప్టర్ పొడుగు వల్ల సైకిళ్లు ఇంకా వెనక్కి జరుగుతయి, మెలి పెరుగుతది. రెండించులల్ల ఒకటింబావు రాడ్డు పెట్టే అడాప్టర్ నడుస్తది, తిరగేసి వద్దు.

చివరికి తేల్చింది ఏందంటె, రంధ్రం రెండించులది, రాక్ చేతిల ఉంది గనుక, కానీ మోసే బరువు కారు పట్టీలను చూసి మేమే రాసిస్తం, క్లాస్ 3 అని ఎక్కడా రాయం.

ఇప్పుడు పట్టీల లెక్క. ఈ కేసుల నాకు అన్నిటికన్న ముఖ్యమైంది ఇదే. హిచ్చు అంటే ఒక అడ్డ పైపు, నడుమ రిసీవర్, రెండు చివర్లకు రెండు సైడ్ ప్లేట్లు. సైడ్ ప్లేటు పట్టీ కిందికి బిగుస్తది, ముందు ఒక బోల్టు వెనక ఒక బోల్టు. వెనక సైకిళ్లు వేలాడితె ప్లేటు ముందు కొస పైకి లేసి పట్టీకి ఒత్తుకుంటది, వెనక బోల్టు కిందికి గుంజుతది. ఎంత గుంజుతది అన్నది ఆ రెండు బోల్టుల నడుమ దూరం మీద ఉంటది. మన పిన్ను వెనక బోల్టుకు 20 సెంటీమీటర్లు వెనక వచ్చింది. కాబట్టి వెనక బోల్టు కాడ మెలి 2,970కి 61 ఇంటు 20 కలిపి 4,190. బోల్టుల నడుమ 12 సెంటీమీటర్లే ఉంటె 4,190ని 12తోని భాగించి, దానికి వేలాడే బరువు 61 కలిపితె, రెండు వెనక బోల్టుల మీద మొత్తం 410 కిలోల గుంజుడు, ఒక్కోదానికి 205. అదే దూరం 24 చేస్తె మొత్తం 236, ఒక్కోదానికి 118. ప్లేటు పొడుగు పెంచితె చాలు, గుంజుడు సగానికి దగ్గరికొచ్చింది.

205 కిలోలంటె 12 ఎంఎం 8.8 గ్రేడు బోల్టుకు ఏం లెక్క కాదు, అది టన్నులల్ల మోస్తది. అందుకే "బోల్టు మంచిదేశినం సార్, ఏం కాదు" అనే మాటకు అర్థం లేదు. బోల్టు తెగది, రేకు చిరుగుతది. బ్రేకర్ మీద ఇదే మూడింతలు, రోజూ, ఒకే జాగల, పల్చటి రేకు మీద వాషరంత వెడల్పుల. రంధ్రం చుట్టూ సన్నగ పగులు వస్తది, మట్టి కప్పుకొని కనపడది.

దానికి మేం చేసింది ఇది. సైడ్ ప్లేటు 6 ఎంఎం, బోల్టుల దూరం 24 సెంటీమీటర్లు. పట్టీ లోపల పైదిక్కు 5 ఎంఎం మందం పట్టీ ముక్క, బోల్టు తల దాని మీద కూసుంటది, గుంజుడు ఆ ముక్కంత మేర పంచుకుంటది. ఆ ముక్క లోపలికి ఎట్ల పోతది అంటరా, పట్టీకి కంపెనీనే పెద్ద రంధ్రాలు ఇస్తది, పెయింటు కారనీకి, నీళ్లు పోనీకి. ఆ రంధ్రంల నుంచి స్ప్రింగు వైరు దూర్చి, మనకు బోల్టు కావాల్సిన రంధ్రంల నుంచి బయటికి తీసి, వైరు కొసకు ముందు ముక్క, తర్వాత బోల్టు ఎక్కించి మెల్లగ లోపలికి గుంజాలె. ఓపిక పని, మా పిల్లగాడు నాకన్న మంచిగ చేస్తడు. బోల్టు లోపల పడిపోతె జీవితాంతం గలగలమంటది, అందుకే వైరు విప్పేముందు నట్టు రెండు చుట్లు ఎక్కాలె.

ఒక దిక్కు ముందు బోల్టు పట్టీ పక్క గోడల్లకెళ్లి అడ్డంగ పోవాల్సొచ్చింది. పెట్టె ఆకారంల ఉన్న పట్టీకి అడ్డంగ బోల్టేసి బిగిస్తె గోడలు లోపలికి నొక్కుకపోతయి, ఎంత బిగించినా బిగుసుకుంటనే ఉంటది, ఎందుకంటె రేకు లొంగుతుంది. లోపల బోల్టు చుట్టూ గొట్టం ముక్క, సరిగ్గ పట్టీ లోపలి వెడల్పంత కోసి పెట్టాలె. అప్పుడు బిగింపు గొట్టం మీద పడ్తది, రేకు మీద కాదు. డ్రిల్లు కొట్టిన ప్రతి రంధ్రానికి జింక్ ప్రైమర్, ఆ తర్వాత లోపలికి వ్యాక్స్ స్ప్రే. వెల్డింగు మాత్రం కారు బాడీకి ఎక్కడా ముట్టియ్యలే. మోనోకాక్ పట్టీ మీద వెల్డింగు పెట్టుడు నేను ఒప్పుకోని పని, ఆ వేడికి ఉక్కు గుణం మారుతది, లోపల తుప్పు పట్టకుంట ఉన్న పూత కాలిపోతది. బిగింపు 80 న్యూటన్ మీటర్ల కాడ టార్క్ రెంచితోని, చేతి అందాజు కాదు.

రిసీవర్ పైపు గురించి ఫ్యాబ్రికేషన్ చేసేటోళ్లకు ఒక మాట. మన దగ్గర ఇనుప దుకాణంల దొరికే 60 బై 60 చదరం పైపు, 5 ఎంఎం మందం తీసుకుంటె లోపల 50 వస్తది. రెండించులంటె 50.8. రాడ్డు దూరది, లోపల వెల్డింగు గీత కూడ అడ్డమొస్తది. 4 ఎంఎం పైపు తీసుకుంటె లోపల 52, రాడ్డు దూరుతది గానీ లొడలొడ ఆడ్తది, పైగా గోడ పల్చన. అసలు రిసీవర్ పైపు బయట రెండున్నర ఇంచులు, గోడ పావు ఇంచి, లోపల గీత లేకుంట నున్నగ ఉంటది. ఆ ముక్క ఒక్కటే రెడీమేడ్ తెప్పించి, మిగిలినదంతా ఇక్కడనే కోసి మిగ్ వెల్డింగుతోని చేసినం, పైన పౌడర్ కోటింగు. పైపు, కూలీ, కోటింగు అన్నీ కలిపి 17,000 చిల్లర అయింది. అంత సరిగ్గ ఉన్నా రాడ్డు కొంచెం ఆడ్తది, దానికి బిగించే యూ బోల్టు క్లాంపు ఏసినం, పిన్నుకు తాళం పెట్టినం. రాక్ ఊగితె చప్పుడు ఒక్కటే కాదు బాధ, ప్రతి ఊపుకు దెబ్బ మళ్ల అదే రేకు మీదికే పోతది.

అడ్డ పైపు ఎక్కడ పోవాలె అన్నది స్టెప్నీ తేల్చింది. ఎర్టిగాకు స్టెప్నీ డిక్కీ కింద వేలాడ్తది. అడ్డ పైపు దానికి అడ్డమొస్తె, రోడ్డు మీద పంక్చరైన నాడు హిచ్చు మొత్తం విప్పితె గాని స్టెప్నీ రాదు. అందుకే బిగించినంక స్టెప్నీని కిందికి దించి, బయటికి గుంజి, మళ్ల ఎక్కించి చూసినం. ఇది చెయ్యకుంట బండి ఎవ్వరికీ ఇయ్యొద్దు. సైలెన్సర్ కొస నుంచి వచ్చే వేడి మొదటి ట్రే టైరు మీద పడ్తదా అన్నది కూడ ఇంజన్ నడిపి చెయ్యి పెట్టి చూసినం, ట్రేను ఒక దిక్కుకు కొద్దిగ జరిపితె తప్పింది. రాక్ లోపలికి మడిచి ఉన్నప్పుడు డిక్కీ తలుపు లేవది, సైకిళ్లతోని వెనక్కు వంచితె లేస్తది, ఇది ఆ రాక్ గుణం, మనం చేసేదేం లేదు. కార్లకు 2019 జూలై నుంచి తప్పనిసరి అయిన వెనక పార్కింగ్ సెన్సార్ ఉంటది కదా, రివర్స్ పడంగనే రాక్‌ను చూసి కుయ్యిమని మొత్తుకుంటది, మొత్తుకోనియ్యాలె.

టెస్టుకు సిమెంటు బస్తాలు వాడినం. ఒక్కోటి 50 కిలోలు, రెండు బస్తాలు రెండో ట్రే ఉన్న కాడ, పిన్నుకు 68 సెంటీమీటర్ల దూరంల. 6,800 మెలి, మన అసలు బరువుకు రెండింతల పైన. రాక్ కొసకు భూమికి నడుమ ఎత్తు ముందు కొలిచి, బస్తాలు పెట్టి కొలిచి, రాత్రంతా ఉంచి, తీసినంక మళ్ల కొలిచినం. బరువున్నప్పుడు వంగుడు మామూలే, కారు సస్పెన్షన్ కూడ దిగుతది. తీసినంక మొదటి కొలతకు తిరిగి రావాలె, వచ్చింది. రాకపోతె ఎక్కడనో లోహం లొంగినట్టు. (ఆ రాక్ మీద ట్రే ఒక్కోదానికి రాసిన లిమిట్ దాటి బస్తాలు పెట్టుడు రాక్‌కు మంచిది కాదు, అందుకని ట్రే మీద కాకుండ రాక్ నడుమ కడ్డీ మీద కలప దిమ్మె ఏసి పెట్టినం.)

ఇగ చట్టం సంగతి. ఇది చెప్తె బేరం పోతదని చాన మంది చెప్పరు, నేను బిల్లు వెనకనే రాసిస్త. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 సవరణతోని వచ్చిన 182ఏ నాలుగో క్లాజు కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేకపోతె ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. 2017 డిసెంబర్ల కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, రోడ్డు మీద పోలీసాయన కంటికి మన రిసీవర్ కూడ అసొంటిదే కనపడొచ్చు. సామాను పరిమితి దాటి పక్కకు గానీ వెనక్కు గానీ పొడుచుకొస్తె 194 (1ఏ) కింద 20,000. "మరి ఎందుకు పెట్టిచ్చుకోవాలె" అని సార్ సూటిగనే అడిగిండు. పెట్టిచ్చుకునేది మీ ఇష్టం సార్, రిస్కు ఎంత ఉందో తెలిసి పెట్టిచ్చుకోండ్రి అన్న. ఆయన ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి మార్పు సంగతి రాసిండు, నేను ఫోటోలు, కొలతలు ఇచ్చిన. బోల్టు మీదనే ఉంది గనుక విప్పితె బంపర్ కింద బయటికి ఏం కనపడది, బంపర్‌ను కొయ్యలే కూడ. రాక్‌ను పని లేనప్పుడు తీసి ఇంట్ల పెట్టాలె అన్నది నా షరతు, ఖాళీ రాక్ వెనక పొడుచుకొని ఊర్ల తిరుగుడు మోకాళ్లు పగలగొట్టనీకే.

వెడల్పు చూడుండ్రి. ఎర్టిగా బాడీ 1,735 మిల్లీమీటర్లు. 29 ఇంచుల ఎంటీబీ ముందు చక్రం నుంచి వెనక చక్రం కొస దాకా 185 సెంటీమీటర్లు వచ్చింది. నడుమకు పెట్టినా అటు ఆరు ఇటు ఆరు సెంటీమీటర్లు బయటికే. సైడ్ అద్దాలు ఇంకా బయటికి ఉంటయి గనుక డ్రైవర్‌కు ఇబ్బంది లేదు, కానీ అద్దానికున్న వెసులుబాటు చక్రానికి ఉంటదని నేను ఎవరికీ భరోసా ఇయ్య. ఈ రాక్ ముందు చక్రాన్నే కొక్కెంతోని పట్టుకుంటది, చక్రం విప్పి పొట్టి చేద్దామంటె పట్టు పోతది. రెండు కొసలకు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు చుట్టినం.

నంబర్ ప్లేటు ఇంకో తలనొప్పి. ఎర్టిగాకు అది డిక్కీ తలుపు మీద, సరిగ్గ సైకిల్ ఫ్రేమ్ ఎత్తుల ఉంటది. హై సెక్యూరిటీ ప్లేటు తీసి రాక్‌కు తగిలించేది కాదు, లాక్ పడి ఉంటది, విప్పితె పలుగుతది. ఇక్కడ మేడం సైకిల్ మాకు కలిసొచ్చింది, నడుమ పైపు కిందికి ఉంది గనుక దాని మీదికెళ్లి ప్లేటు కనపడ్తది. సార్ సైకిల్‌ను ట్రేల పక్కకు జరిపి, కారు వెనక నిలబడి ఫోటోలు తీసుకుంట సర్దినం. చివరికి ఒక అంకె మీద పెడల్ పడ్డది. పెడల్‌ను తిప్పి, క్రాంకును చైన్ స్టేకు, అంటే వెనక చక్రం దిక్కు పోయే ఫ్రేమ్ పైపుకు, వెల్క్రో పట్టీతోని కట్టినం, ప్లేటు మొత్తం చదవొస్తుంది. లైట్లకు మాత్రం చక్రాలు కొంత అడ్డమే. చిన్న లైటు బోర్డు ఒకటి చేసి, బ్రేకు, ఇండికేటర్, పార్కింగ్ లైట్లు మూడూ రిలే ద్వారా ఇచ్చి, బయటి సైకిల్‌కు కట్టుకునేటట్టు పెట్టినం. తీగను నేరుగ టెయిల్ లైటు వైరుకు గుచ్చలే, కొత్త కార్లల్ల అట్ల గుచ్చితె బల్బు ఫాల్టు చూపిస్తది, వారంటీ కూడ పోతది.

మొదటిసారి హాలియా మీదికెళ్లి సాగర్ పోయొచ్చినంక బండి మళ్ల ర్యాంపు ఎక్కించినం. ఇది తప్పదు, కొత్తగ బిగించిన ప్లేటు పెయింటు మీద కూసుంటది, పెయింటు నలిగితె బిగింపు కొద్దిగ వదులైతది. వెనక బోల్టులు రెండూ రెంచికి కొంచెం తిరిగినయి, ముందువి కదల్లే. రేకు చుట్టూ సుద్ద రాసి చూసినం, పగులు లేదు. యూ బోల్టు క్లాంపు నట్టు వదులైంది, దానికి నైలాన్ నట్టు మార్చినం. సార్ చెప్పిన ఒక్క ఫిర్యాదు ఏందంటె, బ్రేకర్ దిగేటప్పుడు వెనక తల ఊపుతుంది అని. 61 కిలోలు వెనక ఇరుసుకు మీటరు అవతల వేలాడ్తుంటె ముందు చక్రాల మీద బరువు కొద్దిగ లేస్తది, వెనక దిగుతది, ఆ రోజు మూడో సీటుల మనుషులను కూసోబెట్టకుండ్రి, వెనక టైర్ల గాలి ఫుల్ లోడుకు డోరు స్టిక్కర్ మీద రాసినంత పెట్టుండ్రి అన్న. డోరు స్టిక్కర్ చదివేటోళ్లు తక్కువ, ఈ సార్ చదివిండు.

ఆ తర్వాత సార్ ఇంకోసారి ఫోన్ చేసిండు. బిడ్డకు సైకిల్ కొన్నరట, 12 కిలోలు, రాక్ కంపెనీనే మూడో ట్రే అమ్ముతదట, బావమరిదితోని తెప్పించనా అని. ట్రే 7 కిలోలు అనుకున్నా కలిపి 19, అది పడేది పిన్నుకు 95 సెంటీమీటర్ల కాడ, 1,805. ఇప్పుడున్న 2,970కి అది కలిస్తె 4,775. బరువు 61 నుంచి 80కే పెరిగింది, మెలి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది, బస్తాల టెస్టుల మనం పెట్టుకున్న మార్జిన్ల దాదాపు సగం దానికే తినిపోతది. వద్దన్న. మూడో సీటు మడిస్తె బిడ్డ సైకిల్ ముందు చక్రం ఇప్పి డిక్కీల నిలువుగ పడ్తది, ఎట్లయినా ఆ సీటుల ఎవరూ కూసోరు.